టెక్ సందేహాలు: నలభై దాటాక చెస్ యాప్‌తో ఆట మెరుగవుతుందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ చెస్ యాప్‌ల గురించే. 2024 డిసెంబరులో గుకేశ్ సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అదే నెలాఖరులో కోనేరు హంపి 37 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో రెండోసారి ప్రపంచ మహిళల ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చెస్) టైటిల్ గెలిచింది. ఆ ఊపులో, ఎప్పుడో కాలేజీ రోజుల్లో వదిలేసిన ఆటను మళ్లీ పట్టుకున్నామని చాలామంది రాశారు. పిల్లలకు ఎలా నేర్పాలని అడిగినవాళ్లకు ఇంకోసారి చెబుతాను. ఇవి పెద్దవాళ్ల ప్రశ్నలు.

నా వయసు 43. బ్యాంకు ఉద్యోగం. రోజూ పడుకునే ముందు చెస్.కామ్‌లో 3 నిమిషాల ఆటలు ఆడతాను. రెండేళ్లుగా రేటింగ్ (ఆట బలాన్ని చూపే అంకె) 1100 దగ్గరే తచ్చాడుతోంది. డబ్బు కట్టి మెంబర్‌షిప్ తీసుకుంటే లాభం ఉంటుందా? – ఖమ్మం

మెంబర్‌షిప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు మార్చాల్సింది ఆట నిడివి. మూడు నిమిషాల్లో నలభై ఎత్తులు వేయాలంటే ఒక్కోదానికి నాలుగైదు సెకన్లు కూడా సరిగ్గా దొరకవు. అంత హడావిడిలో ఆలోచన సాగదు, చేతికి అలవాటైన ఎత్తు పడిపోతుంది. అలవాటులోనే తప్పుంటే రోజూ ఆ తప్పునే సాధన చేస్తున్నట్టు. పిల్లలు ఇలాంటి మెరుపు ఆటలు (బ్లిట్జ్) ఆడుతూ కూడా ఎదుగుతారు కదా అంటారేమో. వాళ్ల వెనక కోచ్ ఉంటాడు, క్లాసులుంటాయి, ఆదివారం వస్తే టోర్నమెంట్ ఉంటుంది. మీకున్నది రాత్రి భోజనాలయ్యాక ఓ నలభై నిమిషాలు.

ఆ నలభై నిమిషాల్లో 15+10 ఆట ఒకటి సరిగ్గా పడుతుంది. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు కలుస్తాయి. ఒకరోజు ఆడండి. మర్నాడు కొత్త ఆట వద్దు, నిన్నటి ఆటే తీసి చూసుకోండి. అసలు పని జరిగేది ఈ రెండో రోజే. చాలామంది ఎగ్గొట్టేదీ ఇదే.

ఎలా చూసుకోవాలో చెబుతాను. చెస్.కామ్‌లో ఆట అయ్యాక షేర్ గుర్తు నొక్కితే పీజీఎన్ వస్తుంది. అది ఎత్తులన్నీ వరుసగా రాసి ఉండే మామూలు టెక్స్ట్. దాన్ని కాపీ చేసి, బ్రౌజర్‌లో లిచెస్ అనే ఉచిత చెస్ సైటు తెరిచి, ఇంపోర్ట్ గేమ్ పేజీలో పేస్ట్ చేయండి. వెంటనే కంప్యూటర్ అనాలిసిస్ నొక్కకండి. ముందు మీరే ఎత్తు ఎత్తుకూ ముందుకెళ్తూ, ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ ఏమనుకుని వేశారో రెండు ముక్కలు రాసుకోండి. ఆ తర్వాతే అనాలిసిస్ అడగండి. రిపోర్టు వచ్చాక పక్కనే 'లెర్న్ ఫ్రమ్ యువర్ మిస్టేక్స్' అనే బటన్ కనిపిస్తుంది. అది మీరు తప్పు చేసిన ప్రతి చోటా బోర్డును ఆపి, ఇక్కడ ఇంకేం వేయొచ్చు అని అడుగుతుంది. జవాబు చెప్పదు, మీరే వెతకాలి. ఇంతకన్నా మంచి బటన్ నేను ఏ చెస్ యాప్‌లోనూ చూడలేదు.

ఒక ఉదాహరణ చూడండి. మీవి నల్ల పావులు. రాజు జీ8లో ఉంది (గడి పేరులో అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డ వరుసకు). ముందున్న ఎఫ్, జీ, హెచ్ బంట్లు మూడూ ఒక్క గడి కూడా కదల్లేదు. మీ ఏనుగు డీ8లో వెనక వరుసను కాస్తోంది. ఎదుటివాడి ఏనుగు ఈ1లో ఉంది, దాని ముందు దారి మొత్తం ఖాళీ. డీ2లో బంటు ఒంటరిగా కనిపించింది. ఏనుగుతో తినేశారు. ఎదుటివాడు ఈ8లో ఏనుగు పెట్టాడు, ఆటకట్టు. ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) ఈ చోట ఎర్ర గుర్తు పెట్టి, ముందుగా హెచ్6 ఆడి రాజుకు గాలి ఆడేలా చేయాల్సింది అంటుంది. మీరు రాసుకోవాల్సింది 'హెచ్6' అని కాదు. 'వెనక వరుస చూసుకోకుండా బంటు తిన్నాను' అని. ఇలా ఓ పదిహేను ఇరవై ఆటలు రాశాక చూస్తే, అవే మూడు నాలుగు వాక్యాలు తిప్పి తిప్పి కనిపిస్తాయి. 1100 దగ్గర మిమ్మల్ని ఆపుతున్నవి అవే.

లిచెస్‌లోనే ఆడదలిస్తే ప్రిఫరెన్సెస్‌లో రెండు మార్పులు చేసుకోండి. మూవ్ కన్ఫర్మేషన్ ఆన్ చేస్తే ఎత్తు వేశాక ఇంకోసారి నొక్కితేగానీ ఖాయం కాదు. ఆ అర క్షణంలో బయటపడే తప్పులు బోలెడు. షో ప్లేయర్ రేటింగ్స్ ఆఫ్ చేస్తే మీ అంకె, ఎదుటివాడి అంకె రెండూ మాయమవుతాయి. ఓడినప్పుడు 'పోయిన పాయింట్లు తెచ్చుకుని పడుకుందాం' అని అర్ధరాత్రి దాకా ఆడే జబ్బుకు ఇది మందు.

ఇక మెంబర్‌షిప్. చెస్.కామ్ ఉచిత ఖాతాలో గేమ్ రివ్యూకు పరిమితి ఉంది, డబ్బు కడితే అది పోతుంది. లిచెస్ విరాళాలతో నడిచే ఓపెన్ సోర్స్ సైటు, ప్రకటనలు లేవు, పైన చెప్పిందంతా ఉచితమే. రెండు రోజులకో ఆట ఆడేవాళ్లకు కట్టాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

పజిల్ రేటింగ్ 2050. ఆటల్లో మాత్రం 1250 దాటడం లేదు. యాప్‌లో ఏమైనా తేడా ఉందా? – హైదరాబాద్

యాప్‌లో తేడా లేదండి. పజిల్ అంటే బోర్డు మీద ఒక స్థితి ఇచ్చి సరైన ఎత్తు కనుక్కోమనడం. అది తెరవగానే 'ఇక్కడ ఏదో ఉంది, వెతుకు' అని మీకు ముందే చెప్పేసినట్టు. ఆటలో ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు. పైగా పజిల్స్‌లో ఎక్కువ భాగం మీరు కొట్టేవి. మీ ఆటలు పోయేది ఎదుటివాడు కొట్టబోయేది కనిపెట్టక.

అందుకని పజిల్స్ మానేయక్కర్లేదు, చేసే తీరు మార్చండి. మొదటి ఎత్తు తట్టగానే వేసి చూడటం మానేయండి. చివరిదాకా, ఎదుటివాడి గట్టి జవాబుతో సహా మనసులో చూశాకే స్క్రీన్ ముట్టుకోండి. లిచెస్‌లో పజిల్ స్థాయిని 'ఈజియర్'కు తగ్గించి, థీమ్స్‌లో హ్యాంగింగ్ పీస్ (కాపలా లేని పావు), ఫోర్క్ (ఒకే పావుతో రెండింటి మీద దాడి), బ్యాక్ ర్యాంక్ మేట్ (వెనక వరుసలో ఆటకట్టు) లాంటివి ఎంచుకోండి. 1250 స్థాయి ఆటల్లో తేలేవి ఇవే. డిఫెన్సివ్ మూవ్ (కాచుకునే ఎత్తు) అనే థీమ్ కూడా ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. మీరు ముట్టుకోండి.

పజిల్ స్టార్మ్ వద్దు. గడియారంతో పరుగు పెట్టే ఆట అది, సరదాకు సరే. దానికి బదులు పజిల్ స్ట్రీక్ ఆడండి. అందులో టైమ్ లేదు, ఒక్క తప్పు చేస్తే అయిపోతుంది. తొందర అక్కడ తగ్గుతుంది. పజిల్ డ్యాష్‌బోర్డ్ పేజీలో మీరు ఏ థీమ్‌లో బలహీనమో లెక్క ఉంటుంది. మీ సొంత ఆటల్లోంచి పుట్టిన పజిల్స్ వెతుక్కునే పేజీ కూడా ఉంది, యూజర్‌నేమ్ ఇస్తే చాలు.

లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే తీరు) మీద వీడియో కోర్సు కొన్నాను. అందులో చెప్పినట్టు ఎదుటివాళ్లు ఒక్కరూ ఆడటం లేదు! – విశాఖపట్నం

ఆడరు. కోర్సు చేసిన మాస్టరు తనతో ఆడే మాస్టర్లను చూసి చేస్తాడు. మీ ఎదురుగా ఉండేది మీలాంటి ఉద్యోగస్థుడే, నాలుగో ఎత్తుకే దారి తప్పుతాడు.

లిచెస్ అనాలిసిస్ బోర్డులో పుస్తకం బొమ్మ నొక్కితే ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ వస్తుంది. అందులో మాస్టర్స్ ట్యాబ్ వదిలేసి లిచెస్ ట్యాబ్‌కు వెళ్లి, సెట్టింగ్స్‌లో మీ స్థాయి రేటింగ్‌లు మాత్రమే ఉంచండి. అప్పుడు మీ వీధిలో జనం నిజంగా ఏం ఆడుతున్నారో శాతాలతో సహా కనిపిస్తుంది. ప్రతి మలుపులోనూ ఎక్కువమంది వేసే రెండు జవాబులకు మాత్రం సిద్ధపడండి. మూడో ట్యాబ్‌లో మీ పేరు పెడితే మీ ఆటల లెక్కే వస్తుంది, ఏ ఎత్తు దగ్గర ఎక్కువ ఓడుతున్నారో తెలిసిపోతుంది. మీరు ఎంచుకున్న ఎత్తుల వరుసలను స్టడీ పేరుతో దాచుకోవచ్చు. ప్రైవేట్‌గా పెట్టుకుంటే ఇంకెవరికీ కనిపించదు.

చెస్సబుల్ లాంటి చెస్ కోర్సుల సైట్లు మర్చిపోయే సమయానికి మళ్లీ అడిగే పద్ధతిలో పనిచేస్తాయి. గుర్తుపెట్టుకోవడానికి అది మంచిదే. కానీ ఎందుకు వేస్తున్నామో తెలియకుండా పన్నెండు ఎత్తులు కంఠస్థం చేస్తే పదమూడో ఎత్తులో చేతులెత్తేస్తారు.

లిచెస్‌లో నా రేటింగ్ 1600, చెస్.కామ్‌లో 1280. ఏది నిజం? – వరంగల్

రెండూ నిజమే, దేని లెక్క దానిది. లిచెస్‌లో కొత్త ఖాతా 1500తో మొదలవుతుంది. ఆడే జనం వేరు, లెక్క మొదలయ్యే చోటు వేరు కాబట్టి ఒక సైటు అంకెను ఇంకో సైటుతో పోల్చకూడదు. మీ స్థాయిలో లిచెస్ అంకె ఎక్కువగా ఉండటం మామూలే. మూడు నెలల కిందటి మీ అంకెతో ఇవాళ్టి అంకెను, అదే సైటులో, అదే టైమ్ కంట్రోల్‌లో (అంత నిడివి ఆటల్లోనే) పోల్చుకోండి.

అనాలిసిస్ పెడితే ఫోన్ పెనంలా కాలుతోంది. ఫోన్ మార్చాలా? – నెల్లూరు

అక్కర్లేదు. స్టాక్‌ఫిష్ ఇంజిన్ మీ ఫోన్ ప్రాసెసర్ మీదే నడుస్తోంది, ఆపేదాకా లెక్కలు కడుతూనే ఉంటుంది. ఇంజిన్ స్విచ్ ఆపేసి, కంప్యూటర్ అనాలిసిస్ బటన్ నొక్కండి. ఆ లెక్క లిచెస్ సర్వర్ల మీద జరుగుతుంది, మీకు ఫలితం మాత్రం వస్తుంది. ఫోన్‌లోనే నడపాల్సి వస్తే ఇంజిన్ సెట్టింగ్స్‌లో థ్రెడ్లు ఒకటికో రెండుకో తగ్గించండి. మన స్థాయి తప్పులు కనిపెట్టడానికి అది కళ్లు మూసి తెరిచే పని.

కంప్యూటర్‌ను నాలుగో లెవెల్ దాకా ఓడిస్తాను. మనుషులతో ఆడితే ఓడిపోతాను. – కర్నూలు

స్టాక్‌ఫిష్ లెవెల్ తగ్గించడమంటే దానికి బుర్ర తగ్గించడం ఒక్కటే కాదు. గొప్ప ఎత్తులు వేస్తూ వేస్తూ మధ్యలో కావాలని ఓ పిచ్చి ఎత్తు వేసేలా చేయడం కూడా. దానికోసం కాచుకుని కూర్చుంటే గెలుస్తారు. మనుషులు అలా తప్పు చేయరు. ఆశపడి, భయపడి, ఒక మూల చూడటం మర్చిపోయి చేస్తారు.

మైయా అనే ఇంజిన్‌తో ఆడి చూడండి. లిచెస్‌లో మనుషులు ఆడిన లక్షల ఆటలు చూపించి, ఈ స్థాయి మనిషి ఇక్కడ ఏం వేస్తాడు అని ఊహించేలా పరిశోధకులు దానికి శిక్షణ ఇచ్చారు. లిచెస్‌లో మైయా1, మైయా5, మైయా9 పేర్లతో బాట్లు ఉన్నాయి, వరసగా 1100, 1500, 1900 స్థాయి ఆటగాళ్ల ఆటలతో తయారైనవి. మనుషులతో ఆడాలంటే టెన్షన్ పడేవాళ్లకు ఇది మంచి మధ్య మెట్టు.

చాట్‌జీపీటీని కోచ్‌గా పెట్టుకోవచ్చా? – బెంగళూరు నుంచి ఓ తెలుగు పాఠకురాలు

పొజిషన్ చూపించి 'ఏం వేయాలి' అని అడగకండి. 2025 జూన్‌లో ఓ ఇంజినీరు దాన్ని 1979 నాటి అటారీ వీడియో చెస్‌తో ఆడిస్తే, ఏ పావు ఎక్కడుందో మర్చిపోయి చిత్తుగా ఓడింది. మాటల మోడల్‌కూ చెస్ ఇంజిన్‌కూ చాలా తేడా ఉంది. 'ఒంటరి బంటు ఎందుకు బలహీనం' లాంటి సాధారణ ప్రశ్నలకు వివరణ బాగానే ఇస్తుంది. ఎత్తుల విషయంలో మాత్రం స్టాక్‌ఫిష్ మాటే మాట.

వయసు 62, రిటైర్డ్ టీచర్ని. మూడేళ్లుగా ఫోన్‌లోనే ఆట. ఇప్పుడు నిజమైన టోర్నమెంట్ ఆడాలని ఉంది. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ వస్తుందా? – రాజమండ్రి

ఎందుకు రాదు? వయసుకు అడ్డు లేదు. రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు ఆటలు ఆడాలి, లెక్క కనీసం 1400 తేలాలి. 2024 మార్చి నుంచి అంతకన్నా తక్కువ రేటింగులు లేవు. ముందుగా అఖిల భారత చెస్ సమాఖ్య వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకోవాలి.

యాప్ అలవాటు ఉన్నవాళ్లకు హాల్లో ఎదురయ్యే చిక్కులు వేరే ఉన్నాయి. బోర్డును పక్కవాటుగా చూడటం కళ్లకు కొత్త. ఫోన్‌లో పైనుంచి చూసి చూసి, ఎదురుగా నిలబడ్డ పావుల మధ్య మూలనున్న బిషప్ కనిపించదు. ఒక మామూలు వినైల్ బోర్డు, 9.5 సెంటీమీటర్ల రాజు ఉన్న పావుల సెట్ కొని, ఇకపై మీ ఆటలను దానిమీద పెట్టి చూసుకోండి. బ్లూటూత్ బోర్డులు వేలల్లో ఉంటాయి, వాటి జోలికి పోనక్కర్లేదు.

పెద్ద ఆటల్లో ప్రతి ఎత్తూ కాగితం మీద రాయాలి. గడుల పేర్లు తడుముకోకుండా రావడానికి లిచెస్‌లో కోఆర్డినేట్స్ అని చిన్న సాధన ఉంది, రోజూ ఓ ఐదు నిమిషాలు చేయండి. ముట్టుకున్న పావునే కదపాలి. క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదపడం) చేసేటప్పుడు ముందు రాజును పట్టుకోవాలి, ఏనుగును ముందు ముట్టుకుంటే ఆర్బిటర్ (ఆట న్యాయనిర్ణేత) ఒప్పుకోడు. ఏ చేత్తో పావు కదిపారో ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. ఫోన్ హాల్లోకి తీసుకెళ్లకండి. జేబులో ఉన్నట్టు తేలినా ఆట పోతుంది.

మన దగ్గర చాలా టోర్నమెంట్ల జోడీలు చెస్-రిజల్ట్స్ సైటులో పెడతారు. మీ పేరు వెతికితే ఏ బోర్డు మీద, ఎవరితో అన్నది ముందే తెలుస్తుంది. రేటింగ్ లేనివాళ్లు జాబితాలో అడుగున ఉంటారు, స్విస్ పద్ధతిలో మొదటి రౌండ్‌కు పై సగంలోని వాళ్లను కింది సగంతో కలుపుతారు. కాబట్టి మొదటి ఆట మీకన్నా బాగా గట్టివాడితోనే పడొచ్చు. ఓడితే రెండో రౌండ్‌లో మీలాగే ఓడినవాళ్లతో పడుతుంది. ఎంట్రీ ఫీజు కట్టేముందు అది ఫిడే రేటింగ్ ఉన్న టోర్నమెంటో కాదో ప్రాస్పెక్టస్‌లో ఒకసారి చూసుకోండి.