టైమౌట్ వస్తే ముందు సెకన్లు లెక్కపెట్టు

చిరంజీవి అమ్మడికి బాబాయి ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి ఆన్‌కాల్ (రాత్రీపగలూ అలారాలకి జవాబిచ్చే డ్యూటీ) నీకు వేస్తున్నారని అన్నయ్య చెప్పాడు. అర్ధరాత్రి డేటాబేస్ కనెక్షన్ టైమౌట్ అని అలారం మోగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదన్నావట. ఫోన్‌లో చెబితే ఆ టైముకి గుర్తుండదని రాస్తున్నాను.

అలారం రాగానే సెట్టింగుల జోలికి వెళ్లకు. ఎర్రర్‌లో ఉన్న మాట ఉన్నదున్నట్టు చదువు, ఎన్ని సెకన్లకి వచ్చిందో చూడు. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని తక్షణం వచ్చిందంటే అదృష్టమే. నీ ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్క) అక్కడిదాకా వెళ్లింది, ఆ పోర్టు (సర్వర్‌లో ఒక్కో సర్వీసుకి ఉండే నంబరు తలుపు) దగ్గర ఎవరూ లేరని జవాబు కూడా వచ్చింది. పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సర్వర్) పడిపోయి ఉంటుంది, లేదా అది ఏ అడ్రసుల మీద వినాలో చెప్పే లిజన్ అడ్రసెస్ సెట్టింగ్ ఇంకా లోకల్‌హోస్ట్ మీదే, అంటే ఆ మెషీన్‌కే పరిమితమై ఉండి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడు అలాగే వస్తుంది మరి. ఎవరిని లోపలికి రానివ్వాలో పోస్ట్‌గ్రెస్‌కి చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైల్లో నీకు ఎంట్రీ లేదని తిట్టిందంటే ఇంకా మేలు, సర్వరే నీతో మాట్లాడుతోంది, నెట్‌వర్క్‌ని వదిలెయ్యొచ్చు. టైమౌట్ సంగతి వేరు. అవతల నుంచి ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. దారిలో ఎవరో ప్యాకెట్‌ని మింగేశారన్నమాట. ఎక్కువసార్లు అది ఫైర్‌వాల్ పనే, క్లౌడ్‌లో అయితే సెక్యూరిటీ గ్రూపు అనే రూల్స్ జాబితా.

ఇక సెకన్లు. గడువు ఎవరు పెట్టారో ఆ అంకె చెబుతుంది. సరిగ్గా 15 సెకన్లకి పడిపోతే మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ యాప్ నుంచి వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌కి వెళ్లే కనెక్షన్ స్ట్రింగ్‌లో ఉన్న డీఫాల్ట్ అది. పోస్ట్‌గ్రెస్ కమాండ్ టూల్ పీఎస్‌క్యూఎల్‌కి కనెక్ట్ టైమౌట్ ఇవ్వకపోతే తనంతట తాను గడువు పెట్టుకోదు, లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) విసిగిపోయేదాకా కూర్చుంటుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న కెర్నెళ్లలో అది 127 సెకన్లు. కొత్తవాటిలో లెక్క కొద్దిగా మార్చారు, అయినా రెండు నిమిషాల పైచిలుకే పడుతుంది.

ఇది కళ్లారా చూడాలంటే ఒక టెర్మినల్‌లో ప్యాకెట్ల రాకపోకలు చూపించే టీసీపీడంప్‌ని 5432 పోర్టు (పోస్ట్‌గ్రెస్‌ది) మీద పెట్టి, పక్క టెర్మినల్‌లో కనెక్ట్ అవ్వు. పాత కెర్నెల్ అయితే కనెక్షన్ మొదలుపెడదామని అడిగే సిన్ ప్యాకెట్ ఒకటి వెళుతుంది. సెకను తర్వాత అదే మళ్లీ. తర్వాత 3, 7, 15, 31, 63 సెకన్ల దగ్గర, ఒక్కోసారి రెట్టింపు ఆగుతూ. తిరిగొచ్చేది ఒక్క లైనూ ఉండదు. ఇప్పుడు టీసీపీడంప్‌ని డేటాబేస్ సర్వర్ మీద కూడా పెట్టి చూడు. (క్లౌడ్‌వాళ్లే నడిపే డేటాబేస్ అయితే అక్కడ నీకు లాగిన్ ఉండదు, నెట్‌వర్క్ రాకపోకలు రాసిపెట్టే ఫ్లో లాగ్స్‌లో వెతుక్కోవాలి.) అక్కడ సిన్ కనిపించకపోతే దారిలోనే పోయింది. కనిపించి, జవాబు కూడా బయల్దేరి, నీకు మాత్రం చేరలేదంటే తిరుగుదారిలో రూటింగో ఫైర్‌వాలో తప్పుంది. అందరూ వెళ్లే దారే వెతుకుతారు, వచ్చే దారి చూడరు. పింగ్ రాలేదని మాత్రం సర్వర్ చచ్చిపోయిందనుకోకు. చాలాచోట్ల పింగ్‌ని ఆపేసి ఉంచుతారు. నెట్‌క్యాట్ అనే టూల్‌తో ఆ పోర్టునే తట్టి చూడు.

నువ్వు ఇంటి నుంచి పనిచేస్తావు కాబట్టి ఇంకోటి. నిన్న పనిచేసింది, ఇవాళ నీ ఒక్కదానికే టైమౌట్ అంటే ముందు నీ పబ్లిక్ ఐపీ (బయటికి కనిపించే నీ ఇంటి ఇంటర్నెట్ అడ్రసు) చూసుకో. కరెంటు పోయి రౌటర్ ఆరి వెలిగితే చాలు, చాలా బ్రాడ్‌బ్యాండ్‌లలో ఐపీ మారిపోతుంది. సెక్యూరిటీ గ్రూపులో పాతదే ఉంటుంది. అప్పుడు ఎవరో ఒక పెద్దమనిషి "ప్రస్తుతానికి అందరికీ తెరిచెయ్" అంటాడు. వినకు. ఇంటర్నెట్‌కి తెరిచిన డేటాబేస్ పోర్టుని స్కానర్లు వెతుక్కుంటూ వస్తాయి, ఆ "ప్రస్తుతానికి" ఏళ్లతరబడి అలాగే ఉండిపోతుంది. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) అడుగు, లేదా ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (అలాంటిదే, ఒక సర్వర్ గుండా) వేసుకో.

కాసేపు బాగా నడిచి, టీ తాగొచ్చాక మొదటి క్వెరీకే వేలాడిపోతోందా? అది మధ్యలో ఉన్నవాళ్ల ఐడిల్ టైమౌట్, అంటే ఊరికే ఉన్న కనెక్షన్‌ని వదిలేసే గడువు. ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌లో బయటికి దారిచ్చే నాట్ గేట్‌వే 350 సెకన్లు ఊరుకుంటుంది, ఆపైన నువ్వు మాట్లాడబోతే రీసెట్ పంపి కనెక్షన్ తెంపేస్తుంది. అజ్యూర్ లోడ్ బ్యాలెన్సర్ డీఫాల్ట్ 4 నిమిషాలు. కొన్ని ఫైర్‌వాల్స్ అయితే మాటా పలుకూ లేకుండా మర్చిపోతాయి, అవి మహా విసిగిస్తాయి. కనెక్షన్ బతికే ఉందని గుర్తుచేసే లినక్స్ కీప్‌అలైవ్ మొదలయ్యేదేమో 7200 సెకన్లకి, అంటే రెండు గంటలకి! డేటాబేస్ డ్రైవర్‌లో దాన్ని 60కి దించు, సరిపోతుంది.

వీపీఎన్ మీద చిన్న క్వెరీలు వచ్చి పెద్దవి మాత్రం ఆగిపోతే ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) తగ్గించి చూడు.

అన్నీ బాగున్నా 30 సెకన్లకి టైమౌట్ అంటూ, ఎర్రర్‌లో హికారీ పేరుంటే నెట్‌వర్క్‌వాళ్లని నిద్రలేపకు. అది నీ యాప్‌లోని పూల్ (తెరిచి ఉంచిన కనెక్షన్ల నిల్వ, హికారీ నడిపేది అదే) పెట్టే గొడవ. డీఫాల్ట్‌గా అందులో ఉండేవి 10 కనెక్షన్లు, పదీ ఎవరో పట్టుకు కూర్చున్నారు. ఎవరేం చేస్తున్నారో పోస్ట్‌గ్రెస్ చూపించే పీజీ స్టాట్ యాక్టివిటీలో "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని ఎవరున్నారో చూడు, ట్రాన్సాక్షన్ తెరిచి బయటి ఏపీఐ జవాబు కోసం ఎదురుచూసే కోడ్ ఒకటి దొరుకుతుంది. దాన్ని వదిలేసి పూల్ సైజు పెంచుతూ పోతే రేపు పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్ 100 కనెక్షన్ల హద్దుకి తగులుతావు.

నిజంగా నెట్‌వర్క్‌దే తప్పని తేలితే టికెట్‌లో "డేటాబేస్ రావట్లేదు" అని రాయకు. ఏ ఐపీ నుంచి ఏ ఐపీకి, ఏ పోర్టు, సిన్ ఎక్కడిదాకా కనిపించింది, ఏ టైముకి, ఆ టైము ఐఎస్‌టీయా యూటీసీయా, ఇవన్నీ రాసి టీసీపీడంప్ ఫైల్ జతచెయ్. ఇవి లేకపోతే అవే అడుగుతూ టికెట్ నీకే తిప్పి పంపుతారు, ఆ రాత్రి అలా గడిచిపోతుంది.

మీ బాబాయి