సమాధానం: ఖాళీ టైటానియం డిస్కు మీదే టీఎన్ఎఫ్ ఎందుకు పెరుగుతోంది

బాలానగర్‌లో లేత్ మీద కోయించిన టైటానియం డిస్కుల్ని ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో శుద్ధి) చేసి వాడారు, చిగుళ్ల జబ్బు బ్యాక్టీరియా జింజివాలిస్ ఎల్‌పీఎస్ (గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా బయటి పొరలోని పదార్థం) వేయకముందే టీహెచ్‌పీ-1 మాక్రోఫేజ్‌లు (ల్యాబ్‌లో పెంచే రోగనిరోధక కణాలు) వాపు సంకేతమైన టీఎన్ఎఫ్-ఆల్ఫా వదులుతున్నాయి అన్నారు కదండీ. తప్పంతా టైటానియందే అని అప్పుడే రాసేయకండి. నా అనుమానం ఎండోటాక్సిన్ మీద, అంటే డిస్కుకి ముందే అంటుకున్న ఎల్‌పీఎస్ మీద. లేత్ కూలెంట్‌లో గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. 121 డిగ్రీల ఆటోక్లేవ్ దాన్ని చంపుతుంది గానీ ఎల్‌పీఎస్‌ని నాశనం చేయదు. అది డిస్కు ఆక్సైడ్ పొరకి అతుక్కుని ఉండిపోతుంది.

ముందు తేల్చుకోండి: కణాలకి టాక్-242 (టీఎల్ఆర్4ని అడ్డుకునే మందు) ఒక మైక్రోమోలార్ ఇచ్చి, అరగంట ఆగి ఖాళీ డిస్కు ఉన్న వెల్‌లో (ప్లేటు గుంటలో) వేయండి. టీఎన్ఎఫ్ పడిపోతే సంకేతం టీఎల్ఆర్4 నుంచే, అంటే ఎల్‌పీఎస్‌ని పసిగట్టే కణ గ్రాహకం నుంచే వస్తోంది. ఎల్‌పీఎస్‌ని పట్టి ఆపే పాలిమిక్సిన్-బి ఒక్కదాన్నే నమ్మొద్దు, లోహానికి అతుక్కున్నదాన్ని అది సరిగా పట్టలేకపోవచ్చు. ఎండోటాక్సిన్‌ని కొలిచే ఎల్ఏఎల్ పరీక్షకి కూడా కడిగిన నీళ్లు కాదు, డిస్కునే పెట్టండి.

శుభ్రానికి 250 డిగ్రీల పొడివేడి 30 నిమిషాలు చాలు. కాకపోతే ఆక్సైడ్ పొర మందమవుతుంది, తడిసే గుణం మారుతుంది. మీరు పోలుస్తున్నది ఉపరితలాలనే కాబట్టి 25 శాతం నైట్రిక్ ఆమ్లం, 95 శాతం ఇథనాల్‌లో 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ మార్చి మార్చి వాడండి. ప్రతి మార్పుకీ మధ్య ఎండోటాక్సిన్ లేని నీటితో పూర్తిగా కడగాల్సిందే. నైట్రిక్, ఇథనాల్ కలిస్తే పేలుడు ప్రమాదం. ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి.

పీఎంఏ (టీహెచ్‌పీ-1 కణాల్ని మాక్రోఫేజ్‌లుగా మార్చే రసాయనం) తీసేశాక కణాలకి 24 గంటల విరామం ఇస్తున్నారా? లేకపోతే అదీ టీఎన్ఎఫ్‌ని పెంచుతుంది.