పలెర్మో బజార్లలో నడుస్తూ తినాలంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇటలీలోని పలెర్మోలో గైడుతో కలిసి మూడు గంటలు బజార్లన్నీ తిరుగుతూ తినే టూరు బుక్ చేశాం. మా అత్తగారు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఆవిడ తినదగ్గవి అక్కడ ఏమైనా దొరుకుతాయా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: దొరుకుతాయండి. కాకపోతే పేరు చూసి నమ్మకూడదు. కంటికి కనిపించే మాంసంతో చిక్కు లేదు, పక్కకు జరిగిపోవచ్చు. కనిపించని పంది కొవ్వుతో, చేపతోనే జాగ్రత్త.

అరంచీనా అంటే అన్నాన్ని ఉండ చేసి, బ్రెడ్ పొడిలో దొర్లించి వేయించేది. మాంసం కూర పెట్టినదొకటి, ‘అల్ బుర్రో’ అనే వెన్న రకం ఇంకొకటి. వెన్నదే కదా అని తీసుకుంటారు చాలామంది. అందులో చీజ్‌తో పాటు హామ్ ముక్కలుంటాయి, అంటే పందిమాంసం. స్ఫించోనే అనే మందపాటి రొట్టె మీద టమాటా, ఉల్లిపాయ, బ్రెడ్ పొడి మాత్రమే కనిపిస్తాయి. ఆంకోవీ చేప ఆ సాస్‌లో కరిగిపోయి ఉంటుంది. కన్నోలి అనే తీపి వంటకం గొట్టాల పిండిలో పంది కొవ్వు, మార్సాలా వైన్ కలపడం అక్కడి పాత పద్ధతి. వాటిని వేయించడం కూడా చాలాచోట్ల ఆ కొవ్వులోనే. కాచోకవాల్లో లాంటి చీజ్‌లకు పాలను జంతువు పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు. ఆ పట్టింపు ఉంటే చీజ్ కూడా వద్దు.

ఇక ఆవిడ తినదగ్గవి: సెనగపిండి ముక్కలను నూనెలో వేయించే పనెల్లె; వంకాయ, ఆలివ్‌లు, సెలెరీ కాడలు వేసి వెనిగర్, చక్కెరలతో చేసే కపొనాతా అనే కూర; ఐస్ తురుములా ఉండే నిమ్మకాయ గ్రనీతా. క్రొక్కే అనే వేయించిన బంగాళదుంప ఉండల్లో కొందరు గుడ్డు, చీజ్ కలుపుతారు కాబట్టి అడిగి తీసుకోండి. పనెల్లె వేయించే నూనెలో ఇంకేం వేయిస్తున్నారో కూడా అడగండి.

ఇవన్నీ అక్కడికి వెళ్ళాక చెబితే లాభం లేదు. ఏ కొట్టు దగ్గర ఏం పెట్టాలో గైడు ముందే మాట్లాడి పెట్టుకుంటాడు. కనీసం వారం ముందు మెసేజ్ పెట్టండి. ‘వెజిటేరియన్’ అని ఊరుకోకుండా మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు ఏవీ వద్దని విడివిడిగా రాయండి. కొట్టు దగ్గర అనాల్సిన మాట: ‘సెన్‌త్సా కార్నే, సెన్‌త్సా పెష్షే, సెన్‌త్సా స్ట్రుత్తో’. మాంసం, చేప, పంది కొవ్వు లేకుండా అని.

కాపో, బల్లరో బజార్లు పొద్దున పూటే కళకళలాడతాయి. ఆ రోజు టిఫిన్ మానేయండి. చేపల కొట్ల ముందు మంచు కరిగి రాళ్ళు జారుతుంటాయి, అత్తగారికి పట్టున్న బూట్లు తప్పనిసరి. బజార్లో టాయిలెట్ వెతుక్కోవడం కష్టం కాబట్టి కాఫీ కోసం ఆగినచోటే పని చూసుకోవాలి.

ప్రశ్న: మేం నాన్‌వెజ్ తింటాం, బీఫ్ మాత్రం తినం. ఇదే టూరులో దేనికి దూరంగా ఉండాలి?
– పాఠకుడు, వరంగల్

జవాబు: మొదట పానీ కా మేవుసాకు. దూడ ప్లీహం, ఊపిరితిత్తులు ఉడికించి, సన్నగా తరిగి, పంది కొవ్వులో వేడిచేసి నువ్వుల బన్నులో పెడతారు. నిమ్మరసం మాత్రమే పిండితే దాన్ని స్కియెత్తా అంటారు; రికోత్తా, కాచోకవాల్లో చీజ్‌లు చేరిస్తే మరితాతా అంటారు. రెండింట్లోనూ ఉన్నది దూడ మాంసమే. అరంచీనా మాంసం కూరలోనూ బీఫ్ ఉంటుంది. స్టిగ్గియోలా మీకు నచ్చవచ్చు: ఉల్లికాడల చుట్టూ పేగు చుట్టి, బొగ్గుల మీద కాల్చి, ఉప్పు, నిమ్మరసం వేసి ఇస్తారు. బోటీ తినేవాళ్ళకు కొత్తేం కాదు. గొర్రెపిల్లదైతే సరే, దూడవీ అమ్ముతారు కాబట్టి ‘ఆన్యెల్లో?’ (గొర్రెపిల్లదేనా?) అని అడిగాకే తీసుకోండి. ఉడికించిన ఆక్టోపస్‌తో ఏ పేచీ లేదు.

ప్రశ్న: పనెల్లె మన సెనగపిండితో ఇంట్లో వస్తాయా? నేను చేస్తే నూనెలో విడిపోయాయి.
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: పిండి సరిగా ఉడకకపోతే విడిపోతాయి. అక్కడ 250 గ్రాముల పిండికి 750 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తారు. మన సెనగపిండి అన్ని నీళ్ళు పీల్చదు, 650తో మొదలుపెట్టండి. పిండి జల్లించి, చల్లటి నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. వేడినీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలే తర్వాత నూనెలో పేలతాయి. చెంచా ఉప్పు వేసి, సన్నసెగ మీద చెయ్యి ఆపకుండా ఇరవై నిమిషాల దాకా కలపండి. హల్వాలాగా గిన్నె అంచులు వదిలేదాకా దించకండి. చాలామంది చిక్కబడగానే ఆపేస్తారు, తప్పు జరిగేది అక్కడే.

దించాక సన్నగా తరిగిన పార్స్‌లీ కలపండి, లేకపోతే కొత్తిమీర. వెంటనే నూనె రాసిన పళ్ళెంలో మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందాన పరచాలి. నిమిషం ఆలస్యమైనా గట్టిపడి మొండికేస్తుంది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, తడి లేకుండా తుడిచి, బాగా కాగిన నూనెలో వేయించండి. నూనె కాగకుండా వేస్తే అడుగున అతుక్కుంటాయి. ఎర్రబడేదాకా ఉంచకండి, అంచులు బంగారు రంగు తిరగ్గానే తీసేయాలి. నాలుగైదు ముక్కలు నువ్వుల బన్నులో పెట్టి, నిమ్మకాయ పిండి వేడిమీదే తినండి. కోసిన ముక్కలు మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు వేయించుకోవచ్చు.