డబ్బు రాలేదంటారు, ఎవరి ఖాతా నుంచి వచ్చిందో మాత్రం చెబుతారు

ప్రశ్న: నేను ప్రైవేటు ఉద్యోగిని. రెండేళ్లుగా ఒక క్రిప్టో ఎక్స్‌ఛేంజ్ యాప్‌లో నాకు ఖాతా ఉంది. నెలన్నర కిందట నా బ్యాంకు ఖాతా నుంచి రూ.40,000 యూపీఐలో పంపితే నిమిషాల్లో వ్యాలెట్‌లో జమ అయ్యాయి. వాటితో కాయిన్లు కొన్నాను. అదే రోజు సాయంత్రం నా ఖాతాలో డబ్బు సరిపోక నా భార్య ఫోన్ నుంచి రూ.45,000 పంపాం. ఆమె ఖాతాలో కట్ అయ్యాయి, నా వ్యాలెట్‌లో పడలేదు. కస్టమర్ కేర్‌ని అడిగితే ‘మాకు పేమెంట్ రాలేదు, మీ బ్యాంకును అడగండి’ అని మెయిల్ ఇచ్చారు. బ్యాంకువాళ్లు లావాదేవీ సక్సెస్ అయిందంటున్నారు. మూడు వారాల తర్వాత ఎక్స్‌ఛేంజ్ నుంచి ‘థర్డ్ పార్టీ ఖాతా నుంచి వచ్చిన డిపాజిట్, పరిశీలనలో ఉంది’ అని మెయిల్ వచ్చింది. ఆ రోజు నుంచి నా పాత కాయిన్ల విత్‌డ్రాయల్ కూడా ఆపేశారు. ఈలోగా ధర బాగా పెరిగింది. ఆ లాభం కూడా రాబట్టుకోవచ్చా? క్రిప్టో చట్టవిరుద్ధం, కేసు నిలవదని స్నేహితులు భయపెడుతున్నారు. వివాదాలన్నీ ఆర్బిట్రేషన్‌లోనే (కోర్టు బయట, మధ్యవర్తి ముందు) తేల్చుకోవాలని యాప్ షరతుల్లో ఉంది. ఏం చేయమంటారు? – పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: మీకు వచ్చిన రెండు మెయిళ్లనూ పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిదాంట్లో పేమెంట్ రాలేదన్నారు. రెండోదాంట్లో థర్డ్ పార్టీ ఖాతా నుంచి వచ్చిందన్నారు. రాని డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో వాళ్లకెలా తెలిసింది? రూ.45,000 తమకు ముట్టినట్టు వాళ్లే రాసి ఇచ్చారన్నమాట. మీ కేసులో ఇంతకన్నా గట్టి కాగితం లేదు. ఆ మెయిల్‌ను పీడీఎఫ్‌గా దాచుకోండి, ప్రింటు కూడా తీసి పెట్టుకోండి.

ఇలాంటి తగాదాల్లో డబ్బు ఎక్కడ ఆగిందో ముందు తేలాలి. మీ బ్యాంకు దగ్గర ఆగవచ్చు, మధ్యలో ఉండే పేమెంట్ గేట్‌వే దగ్గర ఆగవచ్చు, ఎక్స్‌ఛేంజ్ దగ్గరే ఆగవచ్చు. మీ భార్య బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ రోజు లైను చూడండి. 12 అంకెల రిఫరెన్సు నంబరు, దాని పక్కన డబ్బు అందుకున్నవారి పేరు ఉంటాయి. చాలాసార్లు ఆ పేరు యాప్ పేరు కాదు, ఏదో గేట్‌వే కంపెనీది. ఆ నంబరుతో ‘ఈ మొత్తం ఎదుటి ఖాతాలో జమ అయింది’ అని బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. యూపీఐలో ఖాతా నుంచి డబ్బు కట్ అయి వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక మరో 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలనీ, ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలనీ రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో నిబంధన పెట్టింది. నెలన్నరైనా వెనక్కి రాలేదంటే, పైగా ఎక్స్‌ఛేంజ్ మెయిల్ కూడా ఉందంటే, మీ తగాదా బ్యాంకుతో కాదు. బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లినా ఎక్స్‌ఛేంజ్ ఆయన పరిధిలోకి రాదు. అక్కడ టైమ్ వృథా చేసుకోకండి.

ఇక మీ వైపు తప్పు. ఎవరి పేరున కేవైసీ ఉందో వారి బ్యాంకు ఖాతా నుంచే డబ్బు వేయాలని దాదాపు ప్రతి ఎక్స్‌ఛేంజ్ షరతుల్లోనూ ఉంటుంది. భార్య ఖాతా అయినా సరే, వాళ్ల లెక్కలో థర్డ్ పార్టీయే. 2023 మార్చి 7 నుంచి ఈ ఎక్స్‌ఛేంజ్‌లు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. కాబట్టి ఈ నిబంధన వాళ్లు సరదాకు పెట్టుకున్నది కాదు. ఆ డబ్బును మీ వ్యాలెట్‌లో వేయబోమని చెప్పే హక్కు వాళ్లకుంది. కానీ జమ చేయకపోవడం వేరు, తమ దగ్గరే ఉంచేసుకోవడం వేరు. జమ చేయలేనప్పుడు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే తిప్పి పంపాలి. దర్యాప్తు సంస్థ నుంచి గానీ కోర్టు నుంచి గానీ స్తంభన ఆదేశం (ఆ డబ్బు కదపవద్దన్న ఉత్తర్వు) ఉంటే ఆ సంగతి చెప్పాలి. అనుమానాస్పద లావాదేవీ అని ప్రభుత్వానికి నివేదిక పంపితే ఆ విషయం కస్టమర్‌కు చెప్పకూడదన్న నిబంధన ఉన్న మాట నిజమే. అయితే నివేదిక పంపినంత మాత్రాన అది స్తంభన ఆదేశం అయిపోదు. ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క ముక్కతో నెలల తరబడి డబ్బు పట్టుకుని కూర్చోవడానికి అది సాకు కాదు.

మీ స్నేహితుల భయం పాతది. బ్యాంకులు క్రిప్టో వ్యాపారాలకు సేవలివ్వకూడదని 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. 2022 నుంచి ప్రభుత్వం క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను వసూలు చేస్తోంది. ఇది చట్టబద్ధమైన కరెన్సీ కాదు, అలాగని దాచుకోకూడని నిషిద్ధ వస్తువూ కాదు. 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు ఒక ఎక్స్‌ఛేంజ్‌లో ఇరుక్కున్న కస్టమర్ కేసులో క్రిప్టో కూడా ఆస్తేననీ, దాన్ని ఒకరి తరఫున మరొకరు ట్రస్టుగా ఉంచవచ్చనీ చెప్పింది. మద్రాసు తీర్పు ఇక్కడి కోర్టులకు శిరోధార్యం కాకపోయినా, ఆగిపోయిన మీ పాత కాయిన్ల విషయంలో చూపించదగ్గదే. రూ.45,000 సంగతికి అదీ అక్కర్లేదు. అవి కాయిన్లు కావు, అచ్చంగా రూపాయలు.

ఇప్పుడు లాభం సంగతి. అడగవద్దంటాను. ఇది చదివి మీకు నిరుత్సాహం కలుగుతుందని తెలుసు. మీకు చవగ్గా, దగ్గర్లో దొరికే దారి వినియోగదారుల కమిషన్. వ్యాపార ప్రయోజనం కోసం సేవ పొందినవారు వినియోగదారులు కారని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. అవతలి లాయరు ముందుగా పట్టుకునేది దాన్నే. ‘ధర పెరిగింది, ఇంత లాభం పోయింది’ అని మీరు ఒక్క పేరా రాస్తే, ‘చూడండి, ఈయన స్పెక్యులేషన్ చేసే మనిషి’ అనడానికి మీ ఫిర్యాదే వాళ్లకు సాక్ష్యం. ఇలాంటి విషయాల్లో అన్ని కమిషన్లూ ఒకే మాట మీద లేవు కూడా. అందుకే ట్రేడింగ్ జోలికి వెళ్లకుండా, డబ్బు తీసుకుని జమా చేయలేదు, తిరిగీ ఇవ్వలేదు, ఇది సేవాలోపం అన్నంతవరకే కేసును కట్టండి. అసలు, దానిపై వడ్డీ, మానసిక వేదనకు ఓ మోస్తరు పరిహారం, ఖర్చులు, కాయిన్ల విత్‌డ్రాయల్ తెరవాలన్న ఆదేశం అడగండి. రూ.45,000కి పదిలక్షల పరిహారం అడిగే ఫిర్యాదులు నా దగ్గరికీ వస్తుంటాయి. బెంచి మీదున్నవారు ఆ అంకె చూసి పెదవి విరవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఆర్బిట్రేషన్ షరతు మీకు అడ్డం కాదు. అలాంటి షరతు ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు పోదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. డబ్బు పంపిన తేదీ నుంచే లెక్కేసుకోండి, గొడవుండదు.

అయితే ఫిర్యాదు మీ ఒక్కరి పేరున వేయకండి. డబ్బు వెళ్లింది మీ భార్య ఖాతా నుంచి, వ్యాలెట్ మీది. ఒక్కరే వేస్తే ‘డబ్బు మీది కాదు’ అనో, ‘మీరు మా కస్టమర్ కారు’ అనో అంటారు. ఇద్దరూ ఫిర్యాదుదారులుగా ఉండండి. ఆ డబ్బు తన భర్త వ్యాలెట్ కోసమే పంపాననీ, తిరిగి తన ఖాతాకు పంపినా అభ్యంతరం లేదనీ ఆమె ఒక అఫిడవిట్ ఇస్తే, థర్డ్ పార్టీ అన్న వాదనలో పస తగ్గిపోతుంది.

దానికి ముందు నోటీసు. చాట్‌లో మళ్లీ మళ్లీ టికెట్లు పెట్టడం ఆపండి. టికెట్ మూసేశాక ఆ సంభాషణ మీకు కనిపించకపోవచ్చు, ఉన్నవన్నీ ఇప్పుడే సేవ్ చేసుకోండి. లాగిన్ కూడా ఆపేసే లోపు ఖాతా స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేయండి. ఈ డిజిటల్ కాగితాలకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (అవి ఏ పరికరం నుంచి, ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం) జత చేయాల్సి వస్తుంది కాబట్టి అవి తీసిన ఫోన్ మార్చేయకండి. యాప్ పేరు మీద నోటీసు ఇస్తే ఎవరికీ చేరదు. షరతుల పేజీ అడుగున అసలు కంపెనీ పేరు ఉంటుంది, కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో దాని రిజిస్టర్డ్ చిరునామా దొరుకుతుంది. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఈమెయిల్, ఆ చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టు, రెండూ చేయండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. నోటీసు ఒక పేజీ దాటనివ్వకండి. తేదీ, మొత్తం, 12 అంకెల నంబరు, వాళ్ల రెండు మెయిళ్ల తేదీలు, ‘15 రోజుల్లో వచ్చిన ఖాతాకే తిప్పి పంపండి, స్తంభన ఆదేశం ఏదైనా ఉంటే దాని వివరం ఇవ్వండి’ అన్న కోరిక. అంతే. కంపెనీ విదేశానిది, ఇక్కడ చిరునామా లేదు అని తేలితే కథ కష్టమవుతుంది. అప్పుడు అది అనుమానాస్పద లావాదేవీల నివేదికలు అందుకునే ప్రభుత్వ సంస్థ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైందో లేదో ముందు చూడండి.

పోలీసు కేసు గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు సలహా ఇచ్చే ఉంటారు. యాప్ నకిలీదైతే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మీది రెండేళ్లుగా పనిచేస్తున్న ఖాతా. డబ్బు ఇవ్వడంలో ఆలస్యం ఒక్కటే మోసం నేరం కాదు. డబ్బు త్వరగా వెనక్కి వస్తుందని ‘ఈ లావాదేవీ మేం చేయలేదు’ అని బ్యాంకులో రాసిచ్చేవాళ్లున్నారు. ఆ పని మాత్రం చేయకండి. మీరే పంపినట్టు మీ టికెట్లలో ఉంది. రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క అబద్ధం మీ ఫైలు మొత్తాన్ని ముంచుతుంది.

నోటీసు అందాక, ఇంత చిన్న మొత్తం కాబట్టి వాళ్లే రాజీకి రావచ్చు. రూ.45,000 పంపుతాం, ఇకపై ఎలాంటి క్లెయిములూ లేవని సంతకం చేయండి అంటూ ఒక కాగితం పంపుతారు. మీ పాత కాయిన్ల విత్‌డ్రాయల్ తెరిచి, అవి మీ చేతికొచ్చాకే దానిమీద సంతకం పెట్టండి.