కారు క్రోమ్ పట్టీలను నల్లగా మార్చడం ఎలా?

గ్రిల్ మీద, కిటికీల చుట్టూ ఉన్న క్రోమ్ మెరుపు నచ్చక నలుపు చేయాలనుకుంటే ముందుగా ఒక మాట: నేరుగా స్ప్రే కొడితే ఆ రంగు నిలవదు. క్రోమ్ గాజులా నున్నగా ఉంటుంది, రంగు పట్టుకోవడానికి గరుకంటూ లేదు. నాలుగుసార్లు కారు కడిగాక గోటితో గీకితే పెచ్చులుగా ఊడుతుంది.

రంగే కావాలంటే పట్టీని ఊడదీసి, జిడ్డూ మైనమూ పోయేలా కడిగి, 320 నంబరు వాటర్ పేపరుతో (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి రుద్దాలి. క్రోమ్ పొర మొత్తం పోనక్కరలేదు. అందులో మీ ముఖం కనిపించడం మానేసి, అద్దానికి ఆవిరి పట్టినట్టు మసకబారితే చాలు. మూలలే మోసం చేస్తాయి, అక్కడ వేలితో నొక్కి రుద్దండి. తర్వాత ప్రైమర్ (రంగు పట్టుకునేలా ముందు వేసే పూత), రంగు, క్లియర్ కోటు (పైన వేసే పారదర్శక పూత), అన్నీ పలుచగా. పొడిగా రుద్ది ఆ దుమ్ము పీల్చవద్దు. యాసిడ్‌తో క్రోమ్ కరిగించే పని ఇంట్లో అసలే వద్దు.

నన్నడిగితే నల్ల వినైల్ స్టిక్కరే మేలు. వేడిగాలి ఊదే హీట్ గన్‌తో వెచ్చచేసి అతికించి, అంచును నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి మడవాలి. అక్కడ పిసినారితనం చూపిస్తే ఎండలకు అంచు లేస్తుంది. కారు అమ్మేటప్పుడు పీకేస్తే కింద క్రోమ్ భద్రంగా ఉంటుంది. ఒలిచేయగల రబ్బరు పెయింటూ ఉంది కానీ నాలుగైదు పూతలు పడాలి, లేకపోతే తీసేటప్పుడు ముక్కలుముక్కలుగా వచ్చి విసిగిస్తుంది.

క్రోమ్ ఇప్పటికే పొంగి ఉంటే స్టిక్కర్ వద్దు, ప్రతి బుడిపె పైకి కనిపిస్తుంది. పెచ్చులు రుద్ది తీసి రంగు వేయవలసిందే.