అమ్మలూకి పెద్దమ్మ ఉత్తరం: గ్రాంటు ఇచ్చే కుర్చీలో కూర్చోబోయే ముందు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి న్యూయార్క్‌లో ఒక ఫౌండేషన్‌లో ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా చేరుతున్నావట. జాతి సమానత్వానికీ ఓటు హక్కుల పనికీ గ్రాంట్లు ఇచ్చే విభాగమట. జార్జియా, అలబామా, మిసిసిపీ అన్నీ నువ్వే చూసుకోవాలట. చెబుతుంటే దాని గొంతులో సగం సంతోషం, సగం టెన్షన్. నాకూ అంతే. రాత్రంతా నిద్ర పట్టలేదు. అట్లాంటాలో అలాంటి ఫౌండేషన్‌లోనే గ్రాంట్ల లెక్కలు చూస్తూ రిటైరైనదాన్ని. ఆ కుర్చీలో కూర్చున్న మంచివాళ్ళ చేతుల మీదుగా ఏమేం జరుగుతాయో చూశాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను.

మీ నాన్న "ఎవరి గొడవలో మనకెందుకు" అన్నారట. ఆయనతో నేను మాట్లాడతాను. మన గొడవ కాదని ఎలా అంటాం? 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వం ఇవ్వక్కర్లేదని తీర్పు చెప్పింది. మనలాంటివాళ్ళకు తలుపు తెరిచింది 1965 ఇమిగ్రేషన్ చట్టం. అదే ఏడాది ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది, అక్టోబరులో ఇది. రెండూ చేసింది ఒకే కాంగ్రెస్. సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోసం నడిచిన నల్లజాతివాళ్ళు దెబ్బలు తినబట్టి దేశం గాలి మారింది, ఆ గాలికే మనం విమానం ఎక్కాం. 2017లో కాన్సస్‌లోని ఒలేతీలో మన తెలుగు కుర్రాణ్ణి కాల్చి చంపినప్పుడు మీ నాన్నే నెల రోజులు నిన్ను బయటికి వెళ్ళనివ్వలేదు. ఆ సంగతి గుర్తు చేస్తాను.

తేలికైన మాటలు ముందు చెప్పేస్తాను. వచ్చిన ప్రతి మెయిల్‌కీ జవాబివ్వు. ఇవ్వలేమనుకుంటే వారంలో చెప్పెయ్, నెలల తరబడి ఆశ పెట్టకు. అడిగేవాళ్ళ ఫారం 990, అంటే ఏటా పన్నుల శాఖకు ఇచ్చే లెక్కల పత్రం, చదువు. ఫౌండేషన్లు ఇచ్చేది 990-పీఎఫ్, మీ సొంతదీ చదువు, ఎవరికెంత ఇచ్చారో, పైవాళ్ళ జీతాలెంతో అన్నీ అందులో ఉంటాయి. ఫౌండేషన్ ఏటా తన ఆస్తిలో సుమారు 5 శాతం పంచి తీరాలని చట్టం. అది కనీసం. మీ బోర్డు దాన్నే గరిష్ఠం అనుకుంటోందేమో మొదటి నెలలోనే కనుక్కో.

ఇక నన్ను పడుకోనివ్వని సంగతి.

2013లో షెల్బీ కౌంటీ తీర్పుతో సుప్రీంకోర్టు ఓటు హక్కు చట్టానికి వెన్నెముక తీసేసింది. ఓటింగ్ పద్ధతులు మార్చాలంటే దక్షిణాది రాష్ట్రాలు ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలన్న నిబంధన పనిచేయకుండా పోయింది. ఆ తర్వాత పోలింగ్ కేంద్రాలు మూసేయడం ఊపందుకుంది. ఆ రోజుల్లో నైరుతి జార్జియాలో, ఆల్బనీ దాటాక, ఒక చిన్న సంస్థ మాకు దరఖాస్తు పెట్టింది. వాళ్ళ ఆఫీసు చర్చి బేస్‌మెంట్‌లో ఒక గది. అడిగింది ఒక పాత వ్యాను, ఒక డ్రైవరు, ఇంకొక మనిషి జీతం. పొలాల మధ్య ఇళ్ళలో ఉండే ముసలివాళ్ళను ఓటుకు కావాల్సిన ఐడీ కార్డు ఆఫీసుకు తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటి దగ్గర దింపడానికి. ఎవరెవరికి కార్డు లేదో పేరుపేరునా రాసి జత చేశారు. కొందరి పేర్ల పక్కన "పుట్టిన సర్టిఫికెట్ లేదు, మంత్రసాని పుట్టించింది" అని పెన్నుతో రాసి ఉంది.

మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రోగ్రామ్ ఆఫీసర్ ఒకతను ఉండేవాడు. నీ ఈడువాడే. మంచి చదువు, మంచి మనసు. దరఖాస్తు చూసి, ఇది మరీ చిన్నగా ఉంది, బోర్డుకి ఎక్కదు అన్నాడు. జనవరిలో అసెంబ్లీ మొదలవుతుంది, అక్కడ ఓటింగ్ బిల్లు ఒకటి రాబోతోంది, దాన్ని ఆపుతామని రాయండి అని వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాడు. డబ్బిచ్చేవాడు సలహా ఇస్తే కాదనేదెవరు? వాళ్ళు తిరగరాశారు. వ్యాను పోయింది. దాని బదులు క్యాపిటల్‌కి బస్సులు, శాసనసభ్యులతో మాట్లాడే మనిషి వచ్చి చేరారు. గ్రాంటు లెటర్‌లో "ఈ సొమ్ము ఆ బిల్లును ఓడించడానికి" అని అతనే ఒక వాక్యం చేర్చాడు. పైవాళ్ళు సంతకం చేసేశారు.

మొదటి చెక్కు వెళ్ళింది. రెండోది పంపబోయేటప్పుడు లాయరు ఫైలు తెరిచి, ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి నా బల్ల మీద పెట్టాడు. ప్రైవేటు ఫౌండేషన్ లాబీయింగ్ కోసమని, అంటే ఒక బిల్లును గెలిపించమనో ఓడించమనో శాసనసభ్యులను ఒప్పించే పనికని, ప్రత్యేకించి డబ్బివ్వకూడదు. ఇస్తే ఆ సొమ్ము మీద ఫౌండేషన్‌కు 20 శాతం పన్ను, తెలిసీ ఒప్పుకున్న మేనేజరుకు 5 శాతం సొంత జేబులోంచి. ఇచ్చినదాన్ని వెనక్కి రాబట్టే ప్రయత్నమూ చెయ్యాలి. రెండో చెక్కు ఆగిపోయింది. మొదటిదాంట్లో ఖర్చు కానిది తిరిగి పంపమని ఉత్తరం వెళ్ళింది. ఆ సంస్థ అప్పటికే ఇద్దరిని పనిలో పెట్టుకుంది, శుక్రవారం జీతాలివ్వాలి.

అక్కడి డైరెక్టర్ నాకు ఫోన్ చేసింది. అరవలేదు, ఏడవలేదు. "మేము అడిగింది వ్యాను కదా మేడమ్" అంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ గది మళ్ళీ చర్చివాళ్ళ కుర్చీలు పెట్టుకునే స్టోర్‌రూమ్ అయింది. మా కుర్రాడికేం కాలేదు, ఇంకో ఫౌండేషన్‌లో ఇంకా పెద్ద ఉద్యోగానికి వెళ్ళాడు. ఆ జాబితాలోని ముసలివాళ్ళలో ఎంతమంది ఆ నవంబరులో ఓటు వేయగలిగారో ఎవరూ లెక్క తీయలేదు.

చట్టంలో దారి లేక జరిగింది కాదు తల్లీ ఇది. "సంస్థ సాధారణ నిర్వహణకు" అని రాసిస్తే సరిపోయేది. అలా ఇచ్చిన డబ్బుతో వాళ్ళు వ్యాను నడుపుకోవచ్చు, తమంతట తాము అనుకుంటే చట్టం ఒప్పిన మేరకు లాబీయింగూ చేసుకోవచ్చు. 501(హెచ్) అనే పన్ను నియమాన్ని ఎంచుకున్న సంస్థకు మొదటి 5 లక్షల డాలర్ల ఖర్చులో 20 శాతం దాకా లాబీయింగ్‌కు వెసులుబాటు ఉంది. ఓటరు నమోదు కోసమే అని విడిగా ఇవ్వాలంటే మాత్రం జాగ్రత్త. తీసుకునే సంస్థ కనీసం 5 రాష్ట్రాల్లో పనిచేయాలి, ఏ పార్టీ వైపూ ఉండకూడదు, ఒక్క ఎన్నికతో ఆగిపోకూడదు. అభ్యర్థుల జోలికి అసలే వెళ్ళకు. నీ లెటర్లలో "కోసం" అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, రెండోసారి చదువు.

ఈ నిబంధనలు ఊరికే రాలేదు. 1967లో ఫోర్డ్ ఫౌండేషన్ క్లీవ్‌లాండ్‌లోని 'కోర్' అనే పౌరహక్కుల సంస్థ శాఖకు 1,75,000 డాలర్లు ఇచ్చింది. అందులో కొంత నల్లజాతివారి ఓటరు నమోదుకు వెళ్ళింది. ఆ నవంబరులో కార్ల్ స్టోక్స్ చాలా కొద్ది తేడాతో మేయరుగా గెలిచారు. అమెరికాలో అంత పెద్ద నగరానికి మొదటి నల్లజాతి మేయరు ఆయనే. కాంగ్రెస్‌లో కొందరికి అది గుచ్చుకుంది. టెక్సస్ సభ్యుడు రైట్ ప్యాట్‌మన్ అప్పటికే ఫౌండేషన్ల మీద కత్తి కట్టి ఉన్నారు. రెండేళ్ళు దాటీ దాటగానే 1969 పన్ను చట్టం వచ్చింది. ఆ చట్టం వల్ల ఒరిగిన మేలు కూడా ఉంది, ఏటా పంచి తీరాలన్న నియమం దాంట్లోదే. కానీ లాబీయింగ్ మీద, ఓటరు నమోదు మీద ఆ గట్టి గోడ ఎప్పుడు, ఎవరు గెలిచాక కట్టారో గుర్తుపెట్టుకో.

వాళ్ళ దారి నువ్వు మళ్ళించకు. ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే మళ్ళిస్తున్నట్టు నీకే తెలియదు. 1930లో గార్లండ్ ఫండ్ అనే ఫౌండేషన్, నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీకి న్యాయపోరాటం కోసం పెద్ద మొత్తం ఒప్పుకుంది. మెగన్ మింగ్ ఫ్రాన్సిస్ అనే రాజనీతి పండితురాలు ఏమంటారంటే, అప్పటిదాకా మూకహత్యలను ఆపడమే ఊపిరిగా పెట్టుకున్న సంస్థ ఆ డబ్బుతో బడుల కేసుల వైపు తిరిగింది. ఆ బడుల కేసులే బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 బ్రౌన్ తీర్పు దాకా వెళ్ళాయి కాబట్టి కొట్టిపారేయలేం. అయినా, ఆ తిరగడం ఎవరి నిర్ణయం అని నేను ఇప్పటికీ అడుగుతుంటాను. నువ్వూ అడుగు.

మా ఆఫీసులో ఒక పెద్దావిడ ఉండేవారు, నల్లజాతి ఆవిడ, చిన్న వయసులో ఇక్కడే అట్లాంటాలో, దక్షిణాది నల్లజాతివాళ్ళను ఓటర్లుగా నమోదు చేయించే ఓటర్ ఎడ్యుకేషన్ ప్రాజెక్టులో టైపిస్టుగా చేశారు. మధ్యాహ్నం నేను తెచ్చిన పులిహోర తింటూ ఆ కబుర్లు చెప్పేవారు. 1962లో టాకోనిక్, ఫీల్డ్, స్టెర్న్ ఫౌండేషన్ల డబ్బుతో మొదలైంది. ఊరూరా ఎంతమంది నమోదయ్యారో లెక్క రావాలి. మిసిసిపీ నుంచి లెక్క రాలేదు. ఓటు అడిగినవాళ్ళ ఇళ్ళ మీద కాల్పులు జరుగుతుంటే లెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? పెట్టిన ఖర్చుకు నమోదు చాలట్లేదని 1963 చివర్లో ఆ రాష్ట్రానికి డబ్బు ఆపేశారు. మరుసటి వేసవిలోనే అక్కడ ఓటరు నమోదు కోసం ఫ్రీడమ్ సమ్మర్ ఉద్యమం. ఎక్కడ భయం ఎక్కువో అక్కడ నంబర్లు తక్కువ, ఎక్కడ నంబర్లు తక్కువో అక్కడ డబ్బు తక్కువ. మీ డ్యాష్‌బోర్డులు కూడా ఇదే చేస్తాయి. నీకు డేటా అంటే ప్రాణం కదా, అందుకే నిన్ను ముందుగానే తిడుతున్నాను. ఏడాదికోసారి రిపోర్టు చాలు. మూడేళ్ళకు తక్కువ గ్రాంటు ఇవ్వనని బోర్డుతో పోట్లాడు. 2020లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక గ్రాంట్లిస్తామని మాటిచ్చినవాళ్ళు చాలామంది తర్వాత ఫోన్లెత్తలేదు. వాళ్ళలో మీ ఫౌండేషన్ ఉందేమో చూసుకో.

ఇప్పుడు కాలం కూడా బాగాలేదు. ఇక్కడే అట్లాంటాలో ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళల చిన్న వ్యాపారాలకు 20,000 డాలర్ల గ్రాంట్లు ఇస్తుంటే, జాతి చూసి ఇవ్వడం వివక్షేనని 2023లో కేసు వేశారు. వాడిన ఆయుధం 1866 పౌరహక్కుల చట్టం. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళను కాపాడటానికి చేసిన చట్టం! 2024 జూన్‌లో అప్పీలు కోర్టు వాళ్ళకు వ్యతిరేకంగా చెప్పింది, సెప్టెంబరులో రాజీపడి ఆ గ్రాంట్ల పోటీ మూసేశారు. దాన్ని చూసి చాలామంది వెబ్‌సైట్లలో మాటలు చెరిపేసుకుంటున్నారు. లాయరు చెప్పింది విను, కానీ లాయరు చెప్పనిదాన్ని కూడా భయపడి వదిలెయ్యకు. సోషల్ మీడియాలో ఏ అభ్యర్థి గురించీ ఆఫీసు పేరు పెట్టుకుని రాయకు. ఆఫీసు మెయిల్లో కోర్టులో గట్టిగా చదివినా సిగ్గుపడనివే రాయి.

ఇంకొకటి, మీ నాన్నకు నచ్చదు. 1946లోనే అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు, మీవాళ్ళ స్థితీ మావాళ్ళ స్థితీ ఒకేలా ఉన్నాయని. 2023లో సియాటిల్ కులవివక్షను నిషేధిస్తే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులు ఎలా మండిపడ్డాయో చూశావు. సంక్రాంతి పార్టీల్లో ఇంటిపేరు అడిగి కులం లెక్కకట్టే మనుషుల మధ్యే నువ్వు పెరిగావు. మీ బోర్డులో ఆ మాట ఎత్తగలిగింది నువ్వొక్కదానివే కావచ్చు. ఎత్తు.

సైట్ విజిట్లకు వచ్చినప్పుడు చీకటిపడ్డాక ఆ కౌంటీ రోడ్ల మీద ఒక్కదానివే కారు నడపకు. సిగ్నల్ ఉండదు, జింకలు అడ్డం వస్తాయి, పోలీసు ఆపితే ఎలా ఉంటుందో చెప్పలేం. నాకు లొకేషన్ పెట్టు. వాళ్ళు భోజనం పెడితే కాదనకుండా తిను. శాకాహారినని ముందే చెప్పు, కాలర్డ్ గ్రీన్స్ అనే ఆకుకూర మాంసం వెయ్యకుండా చేసి పెడతారు. జీతం తగ్గుతుందని మీ అమ్మ దిగులుపడుతోంది. అద్దెకు ఇబ్బందైతే ముందు నాకు చెప్పు, దానికి కాదు.

అక్టోబరులో జార్జియా వస్తావట కదా. ఆల్బనీ వైపు వెళ్ళేట్టయితే నన్నూ ఎక్కించుకో. ఆ డైరెక్టర్ ఇప్పుడు అదే చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతోంది, నంబరు నా దగ్గరుంది. నువ్వు ఏ ఫారమూ తీసుకురావద్దు. ఇప్పుడు వాళ్ళ ఊరికి ఏం కావాలో ఆవిణ్ణే అడుగుదాం.

మీ పెద్దమ్మ