సక్కర్ ఫిష్ వద్దు, కర్ర తినే బుల్లి చేప తెచ్చుకోండి

ప్రశ్న: మాది రాజమండ్రి. ఇంట్లో 100 లీటర్లు పట్టే ఫిష్ ట్యాంకు ఉంది. అందులో గప్పీలు, నియాన్ టెట్రాలు, ఓ పెద్ద డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో అలంకారానికి వేసే కర్ర) ముక్క ఉన్నాయి. అద్దాలకు పాచి పడుతోందంటే షాపతను సక్కర్ ఫిష్ వేసుకోమన్నాడు. మా అబ్బాయేమో కర్ర తినే చిన్న చేప ఒకటుందట, అదే కావాలని పట్టుబట్టాడు. నిజంగానే కర్ర తింటుందా? ఏది కొనమంటారు?

జవాబు: మీ అబ్బాయి అడిగేది క్లౌన్ ప్లెకో అయ్యుంటుంది. శాస్త్రీయంగా పనకోలస్ మాక్కస్ అంటారు. హాయిగా కొనండి, మీ ట్యాంకుకి ఒక్కటి చాలు. వెనిజులాలో ఒరినోకో నదిలో కలిసే ఏర్లలో, నీళ్లలో పడి మునిగిపోయిన కొమ్మల మధ్య బతికే చేప ఇది. ఎంత పెరిగినా 8, 9 సెంటీమీటర్లే, నల్లటి ఒంటి మీద పసుపు చారలతో చూడముచ్చటగా ఉంటుంది, గప్పీల జోలికి పోదు.

సక్కర్ మాత్రం వద్దండి. షాపులో వేలెడంత పిల్లని చూసి ముచ్చటపడి తెచ్చుకుంటాం, అది పెరిగి పెరిగి అడుగున్నరకి చేరుతుంది, ట్యాంకులో వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు, అప్పుడు పాపం అనిపించి ఏ కాలువలోనో వదిలేస్తారు. కృష్ణా నదిలో, చేపల చెరువుల్లో జాలర్ల వలలు చింపేస్తున్న దెయ్యం చేప ఇదే. మన నీళ్లది కాదు, అక్వేరియం సరుకుగా వచ్చి బయటపడింది. ఏ చేపనైనా సరే, దయచేసి బయటి నీళ్లలో వదలకండి.

పిల్లలప్పుడు ఈ ప్లెకోలన్నీ, సక్కర్‌తో సహా, ఒకేలా కనిపిస్తాయి, షాపులో పేర్లు కూడా కలిపేస్తుంటారు. నాకూ ఒకసారి క్లౌన్ అని చెప్పి సక్కర్ పిల్లని ఇచ్చారు. అప్పటినుంచి వీపు రెక్క విప్పేదాకా ట్యాంకు ముందు నిలబడే ఉంటాను. ఆ రెక్కలో ముందుండే గట్టి ముల్లుని వదిలేసి, రెక్కని నిలబెట్టే మిగతా పుల్లలు లెక్కపెట్టండి, క్లౌన్‌కి 7 ఉంటాయి, సక్కర్‌కి మామూలుగా 10 దాటతాయి. చారలున్నాయి కదా అని రాయల్ ప్లెకో కూడా తెచ్చుకోకండి. అదీ కర్ర తినేదే గానీ, కళ్లు ఎర్రగా ఉంటాయి, 40 సెంటీమీటర్లు దాటిపోతుంది. చేప అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట చూడండి, లోపలికి పీక్కుపోయి ఉంటే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

ఇక కర్ర సంగతి. దీని పళ్లు చిన్న చెంచాల్లా ఉంటాయి, వాటితో కర్రని గీకి మింగేస్తుంది, అది నిజమే. కానీ చెదపురుగులా కర్రని అరిగించుకోలేదు. డోనొవన్ జర్మన్ అనే అమెరికా పరిశోధకుడు 2009లో ఈ రకం చేపల పేగుల్ని పరిశీలిస్తే, తిన్న కర్ర 4 గంటల్లోపే బయటికి వచ్చేస్తోందని తేలింది. కర్రతోపాటు పొట్టలోకి వెళ్లే మెత్తటి కుళ్లు, సూక్ష్మజీవులే వీటికి అసలు బలం. కాబట్టి ట్యాంకులో కర్ర ఉంది కదా అని తిండి మానెయ్యకూడదు. రాత్రి లైటు తీసేశాక ఉడికించిన బీరకాయ ముక్కో, చిలగడదుంప ముక్కో, ఆల్గే వేఫరో (షాపులో దొరికే పాచి బిళ్ల) వేయండి, మిగిలింది పొద్దున్నే తీసేయండి.

పాచి కోసమైతే దీన్ని నమ్ముకోవద్దు. లైటు రోజుకి 6, 7 గంటలకి తగ్గించండి, వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, అద్దాలు మీరే రుద్దుకోండి.

కర్ర ఎప్పుడూ ఉండాల్సిందే, అరిగిపోతే ఇంకోటి వెయ్యాలి. కొత్త డ్రిఫ్ట్‌వుడ్‌ని వారం పది రోజులు నానబెట్టి వేయండి, నీళ్లు టీ రంగుకి తిరిగితే కంగారుపడకండి. వార్నిష్ వేసిన చెక్క, జిగురు కారే కర్ర, వేపకర్ర వద్దు. మే నెల ఎండలకి నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, ఎయిర్ పంపు రాత్రీ పగలూ నడవాలి.

తెచ్చాక కొన్నాళ్లు కంటికే కనిపించదు. టెన్షన్ పడి కర్ర ఎత్తి చూడకండి. పొద్దున కర్ర కింద సన్నటి రంపంపొట్టు లాంటిది రాలి ఉంటే, రాత్రంతా తింటూనే ఉందన్నమాట.